రక్తపోటు మాత్రలు: మానే ముందు అడగండి

షాబాన్ నెల సగం దాటిందంటే మా మదర్సాకు వచ్చేవారి ప్రశ్నల తీరు మారిపోతుంది. కంట్లో చుక్కల మందు వేసుకుంటే రోజా భంగమవుతుందా, సూది మందు సంగతేమిటి, పరీక్ష కోసం రక్తం ఇవ్వవచ్చునా అని అడుగుతారు. వీటికి ఫిఖ్హ్ గ్రంథాలలో జవాబులున్నాయి. ముప్ఫై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాము. అయితే రక్తపోటు మాత్ర గురించి మాత్రం ఎవరూ వచ్చి అడగరు. ఆ నిర్ణయం ఎవరికి వారు ఇంట్లోనే చేసేసుకుంటారు. తొలి రోజా నాడు మాత్రల షీటు అలమరలోకి వెళ్తుంది. పండుగ వెళ్ళాక, గుర్తుంటే బయటికి వస్తుంది.

మాతో పాటు పద్దెనిమిదేళ్ళు హిఫ్జ్ తరగతి నడిపిన ఒక హాఫిజ్ గారు కొన్నేళ్ళ క్రితం సరిగ్గా ఇలాగే చేశారు. అప్పటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు. రక్తపోటుకు రోజూ రెండు మాత్రలు వాడేవారు. రమజాన్‌కు నెల ముందు నుంచి సాయంత్రమయ్యేసరికి చీలమండల దగ్గర నీరు పట్టసాగింది. వేలితో నొక్కితే గుంట పడేది. "ఈ గోలీలు కిడ్నీలను తినేస్తాయి, కాళ్ళవాపు దానికి మొదటి గుర్తు" అని మొహల్లాలో ఎవరో చెప్పారు. ఆయన నమ్మారు. వైద్యుని వద్దకు వెళ్ళలేదు, ఇంట్లో చెప్పలేదు, రెండు మాత్రలూ మానేశారు. ఏడో రోజా నాడు అస్ర్ నమాజు తర్వాత మా పక్కన కూర్చొని, "మౌలానా, మందులు వదిలేశాను. అల్లాహ్ దయ, కాళ్ళవాపు పోయింది, ఒళ్ళు తేలికగా ఉంది" అన్నారు. దానికి మేము ఏమన్నాము? "మాషా అల్లాహ్! రోజాను మించిన మందేముంది హాఫిజ్ సాబ్!" అన్నాము.

పందొమ్మిదో రాత్రి తరావీహ్‌లో ఆయన నాలుక తడబడింది. నిద్రలో లేపి అడిగినా తప్పు పోకుండా చదివే సూరా అది. వెనుక నుంచి ఒక కుర్ర హాఫిజ్ ఆయత్ అందించాడు. ఆయన మళ్ళీ మొదలుపెట్టారు, మాట ముద్దగా వచ్చింది. మళ్ళీ అందించాడు. రెండో వరుసలో ఉన్న మేము, రోజంతా పస్తు, వయసు, అలసట అనుకున్నాము. రుకూలోకి వంగినప్పుడు ఆయన కుడిచేయి మోకాలిని అందుకోలేదు. సలాం తర్వాత లేవలేకపోయారు. ఆసుపత్రికి చేర్చేసరికి రక్తపోటు పై కొలత 210 ఉంది. పక్షవాతం అన్నారు. ప్రాణం దక్కింది. కుడిచేయి, మాట మాత్రం మునుపటిలా తిరిగి రాలేదు.

మాత్రలు ఆపినందువల్లనే ఇది జరిగిందా అని మేము డాక్టరు గారిని అడిగాము. అదొక్కటే కారణమని ఖచ్చితంగా చెప్పలేము గానీ, ఆపకుండా ఉంటే ముప్పు చాలా తగ్గి ఉండేదని ఆయన అన్నారు. కాళ్ళవాపు మూత్రపిండాల వల్ల కానే కాదని, ఆ రెండు మాత్రలలో ఒకదానికి అందరికీ తెలిసిన దుష్ప్రభావమని, మోతాదు తగ్గించో మందు మార్చో సరిచేసేవారమని కూడా అన్నారు. అంటే ఒక్క ప్రశ్నతో తీరే సమస్య అది. ఆ ప్రశ్న హాఫిజ్ గారు అడగలేదు. ఆయన మా వద్దకు వచ్చి చెప్పినప్పుడు మేమూ అడగలేదు.

హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన అబూదావూద్ హదీసు సంపుటిలో ఉంది. దాన్ని మేము విద్యార్థులకు తయమ్ముమ్ అధ్యాయంలో ఏటా బోధిస్తాము. ఒక ప్రయాణంలో ఒకాయన తలకు రాయి తగిలి గాయమైంది. ఆ స్థితిలో ఆయనకు స్నానం విధి అయింది. తయమ్ముమ్‌తో సరిపెట్టుకొనే వీలుందా అని తోటివారిని అడిగితే, నీళ్ళు అందుబాటులో ఉన్నాయి కాబట్టి వీలు లేదన్నారు. ఆయన స్నానం చేశారు, చనిపోయారు. ఈ సంగతి తెలిసి దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. ఆ మరణానికి అలా చెప్పినవారినే బాధ్యులను చేశారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని, తెలియనితనానికి అడగడమే చికిత్స కదా అని మందలించారు. ఇన్నేళ్ళు ఈ హదీసు చెప్పిన మేమే ఒక రోగితో, తెలియని విషయంలో, మెచ్చుకోలుగా ఒక మాట అనేశాము.

అందుకే ఆ తర్వాత ఆ డాక్టరు గారి దగ్గర, మరికొందరు వైద్యుల దగ్గర అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాము. మేము వైద్యులం కాము. ఎవరు ఏ మాత్ర, ఎంత మోతాదు వేసుకోవాలో చెప్పడం మా పని కాదు. పాఠకులు తమ మందుల చీటీ పక్కన పెట్టుకొని దీన్ని చదివి, తమ డాక్టరును ఏమేం అడగాలో గుర్తు పెట్టుకుంటే చాలు.

నొప్పి లేని జబ్బు

పంటి నొప్పికి మాత్ర మానేవారు ఉండరు. మానితే ఆ రాత్రే తెలిసిపోతుంది. రక్తపోటు అలాంటిది కాదు. 180 ఉన్న మనిషి కూడా హాయిగా బజారుకు వెళ్ళి రాగలడు. లోపల మాత్రం రక్తనాళాల గోడలు, గుండె, మెదడు, మూత్రపిండాలు, కంటిలోని సన్నని నాళాలు ఏళ్ళ తరబడి దెబ్బ తింటూ ఉంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం 30 నుంచి 79 ఏళ్ళ వయసువారిలో 128 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉంది. వారిలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదు. అదుపులో ఉంచుకోగలుగుతున్నది సుమారు ఐదుగురిలో ఒక్కరు.

"ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలి, అలవాటైపోతుంది" అనే భయం మన ఇళ్ళలో బలంగా ఉంది. ఈ మాత్రలకు మత్తు పదార్థాల్లాంటి వ్యసనం లేదు. చాలాకాలం ఉండిపోయేది జబ్బు, అందుకే మందు కూడా చాలాకాలం ఉంటుంది. కళ్ళద్దాలు తీస్తే అక్షరాలు మసకబారడాన్ని కళ్ళద్దాలకు బానిసవడం అని ఎవరూ అనరు కదా. ఉప్పు తగ్గించి, బరువు తగ్గి, రోజూ నడిచి, పొగాకు మానినవారిలో కొందరికి డాక్టర్లే మోతాదు తగ్గిస్తారు. అయితే తగ్గించాల్సింది వారు, కొలతలు చూసి.

మాత్రలు మూత్రపిండాలను పాడు చేస్తాయనే మాటలో వాస్తవం దాదాపు తలకిందులైంది. మూత్రపిండాలను పాడు చేసేవాటిలో అదుపు లేని రక్తపోటు ముందు వరుసలో ఉంది. రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మందులను మధుమేహం ఉన్నవారికి మూత్రపిండాల రక్షణ కోసమే ఎంచుకొని మరీ ఇస్తారు. వీటిని మొదలుపెట్టినప్పుడు క్రియాటినిన్ కొద్దిగా పెరగవచ్చు, రక్తంలో పొటాషియం పెరగవచ్చు. అందుకే కొన్ని వారాలలో రక్తపరీక్ష చేయించుకొమ్మంటారు. ఆ పరీక్షను అనవసరపు ఖర్చు అనుకొని మానేసేవారు ఎక్కువ. దాన్ని మానకూడదు.

ప్రతి మందుకూ తన స్వభావం

మనవారు "బీపీ గోలీ" అని ఒకే మాటతో పిలిచేది నిజానికి అనేక రకాల మందులను. ఒకరి గోలీ మరొకరికి పనికిరాకపోవచ్చు. వదిన గారి మాత్ర అయిపోతే మరదలి డబ్బాలోంచి తీసి ఇవ్వడం ప్రేమే కావచ్చు, వైద్యం మాత్రం కాదు.

అమ్లోడిపిన్ మన దేశంలో విరివిగా వాడే మందు. తెలంగాణతో సహా ఐదు రాష్ట్రాలలో 2017 చివర మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో కూడా దీనికి ప్రధాన స్థానం ఉంది. ఇది రక్తనాళాలను సడలిస్తుంది. ఆ సడలింపు వల్లనే చిన్న నాళాల నుంచి కొంత ద్రవం బయటికి ఊరి, నేల వైపు ఉండే పాదాలలో చేరుతుంది. హాఫిజ్ గారికి జరిగింది ఇదే. మోతాదు పెరిగే కొద్దీ ఈ వాపు ఎక్కువగా కనిపిస్తుంది. ముఖం వేడెక్కినట్లు ఉండటం, తలనొప్పి కూడా మొదట్లో కొందరికి ఉంటాయి. మోతాదు తగ్గించడం, టెల్మిసార్టాన్ వంటి మందును జతచేయడం, లేదా పూర్తిగా మార్చడం డాక్టర్ల చేతిలో ఉన్న మార్గాలు. గుండె, కాలేయం, మూత్రపిండాల జబ్బుల వల్ల కూడా కాళ్ళు వాస్తాయి. కాబట్టి ఏ వాపు దేనివల్ల వచ్చిందో చూసి చెప్పవలసింది వైద్యుడే.

రామిప్రిల్, ఎనలాప్రిల్ కోవ మందులు కొందరికి పొడి దగ్గు తెప్పిస్తాయి. గొంతులో గరగర, కఫం ఉండదు, రాత్రిపూట మరీ ఎక్కువ. మందు మొదలైన నెలల తర్వాత కూడా ఇది రావచ్చు. మా ఎరుకలో ఒక మువజ్జిన్ గారు ఈ దగ్గుతో ఏడాదిపాటు సిరప్పులు తాగారు. అజాన్ మధ్యలో గొంతు పట్టేసేది. మందుల చీటీ చూసిన కొత్త డాక్టరు రామిప్రిల్ మార్చి టెల్మిసార్టాన్ రాశారు, కొన్ని వారాలకు దగ్గు ఆగింది. ఈ కోవ మందులతో అరుదుగా పెదవులు, నాలుక, ముఖం ఉబ్బుతాయి. అది మాత్రం ఆగి చూసే విషయం కాదు. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, ఆ మందు మళ్ళీ జన్మలో వాడకూడదు.

రామిప్రిల్ క్యాప్సూల్ రూపంలో కూడా దొరుకుతుంది. క్యాప్సూల్ తొడుగు జిలాటిన్ దేనితో చేసిందోనన్న సందేహంతో మందే మానేసిన ఒక సోదరుడు మాకు తెలుసు. అదే మందు మాత్ర రూపంలో కూడా ఉంది. మాత్రగా రాసివ్వమని డాక్టరును అడిగితే సందేహం అక్కడితో తీరిపోతుంది.

నీటి మాత్రలని పిలిచే హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్ శరీరంలోని అదనపు ఉప్పును, నీటిని మూత్రం ద్వారా పంపుతాయి. మాటిమాటికీ మూత్రం రావడం, వుజూ నిలవకపోవడం చాలామంది నమాజీల ఫిర్యాదు. వేళ మార్చడంతో ఇది చాలావరకు సర్దుకుంటుంది. అసలు గమనించవలసింది వేరే ఉంది. వీటివల్ల రక్తంలో సోడియం, పొటాషియం పడిపోవచ్చు, యూరిక్ యాసిడ్ పెరగవచ్చు. ఇంట్లో వృద్ధులు ఒక్కసారిగా నీరసించినా, పొంతన లేకుండా మాట్లాడినా, వయసని సరిపెట్టుకోకుండా సోడియం పరీక్ష చేయించండి.

అటెనోలాల్, మెటోప్రొలాల్ నాడిని నెమ్మదింపజేస్తాయి. అలసట, చేతులు కాళ్ళు చల్లబడటం ఉంటాయి. ఉబ్బసం ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. మధుమేహులలో చక్కెర పడిపోయినప్పుడు వచ్చే గుండెదడను ఇవి కప్పిపెడతాయి. రోజా ఉండే మధుమేహులకు ఇది చిన్న విషయం కాదు. వీటిని ఒక్కసారిగా ఆపితే గుండెకు ప్రమాదం. క్లోనిడిన్ కూడా అంతే. హఠాత్తుగా ఆపితే రక్తపోటు మునుపటి కంటే పైకి ఎగబాకుతుంది. ప్రాజోసిన్ వంటివి తొలిసారి వేసుకున్నప్పుడు లేవగానే కళ్ళు తిరుగుతాయి. అందుకే పడుకొనే ముందు వేసుకొమ్మంటారు.

ఏ మందు వాడినా, సజ్దా నుంచి లేచినప్పుడు తల తిరిగితే కాసేపు కూర్చొని, ఆధారం పట్టుకొని లేవాలి. అది తరచూ జరుగుతుంటే మోతాదు ఎక్కువైందేమో చూపించుకోవాలి. అంతవరకు కూర్చొని నమాజు చేయడానికి సంకోచం అక్కర్లేదు. అనారోగ్యంతో ఉన్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు, నిలబడలేకపోతే కూర్చొని, అదీ చేతకాకపోతే పక్కకు ఒత్తిగిలి చేయమని దైవప్రవక్త (స) అనుమతించిన సంగతి బుఖారీలో ఉంది.

బిడియపడి మానేసేవారు

పురుషులు పైకి చెప్పకుండా మాత్రలు మానేయడానికి మరో కారణం ఉంది. కొన్ని రక్తపోటు మందులు, ముఖ్యంగా పాత తరం బీటా బ్లాకర్లు, నీటి మాత్రలు, కొందరిలో దాంపత్య శక్తిని తగ్గిస్తాయి. అదుపు లేని రక్తపోటు కూడా సరిగ్గా అదే పని చేస్తుంది. కాబట్టి మందు మానడం వల్ల సమస్య తీరకపోగా పెరగవచ్చు. డాక్టరుకు ఒంటరిగా ఒక్క మాట చెబితే, ఈ ఇబ్బంది తక్కువగా ఉండే మందు ఎంచుకుంటారు. అన్సారీ స్త్రీలకు ధర్మజ్ఞానం అడిగి తెలుసుకోవడంలో సిగ్గు అడ్డు రాలేదని హజ్రత్ ఆయిషా (రజి) వారిని ప్రశంసించారు. సొంత ఆరోగ్యం గురించి అడగడానికి మన మగవారు ఇంతగా బిడియపడటం మాకు ఆశ్చర్యం కలిగిస్తుంది.

స్త్రీల విషయంలో తప్పనిసరిగా తెలియవలసింది ఒకటుంది. రామిప్రిల్, ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్ గర్భంలోని శిశువుకు హాని చేస్తాయి. వీటిని వాడుతున్న కోడలో, కూతురో నెల తప్పినట్లు తెలిసిన రోజే డాక్టరుకు చెప్పాలి. సంతానం కోరుకుంటున్నప్పుడే చెప్పడం ఇంకా మంచిది. గర్భిణులకు సురక్షితమైన వేరే మందులు, లాబెటలాల్, మిథైల్‌డోపా వంటివి, ఉన్నాయి. మందే లేకుండా ఉండటం తల్లికీ బిడ్డకూ ప్రమాదమే.

మందుల డబ్బాలోని మిగతావి

మోకాళ్ళ నొప్పులతో ఖియామ్, సజ్దా కష్టమై, మందుల షాపులో చీటీ లేకుండా నొప్పి మాత్ర కొని రోజూ వేసుకొనే పెద్దలు మన మస్జిదులలో చాలామంది ఉన్నారు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రక్తపోటును పెంచుతాయి. రామిప్రిల్ లేదా టెల్మిసార్టాన్, నీటి మాత్ర, ఈ నొప్పి మాత్ర, మూడూ ఒకే మనిషి కడుపులో పడితే మూత్రపిండాలు దెబ్బతినే ముప్పు బాగా పెరుగుతుంది. "బీపీ గోలీలు కిడ్నీలను తినేశాయి" అనుకొనే ఉదంతాలలో చాలావాటి వెనుక ఈ నొప్పి మాత్ర దాక్కొని ఉందేమోనని మాకు అనుమానం. కుర్చీలో కూర్చొని నమాజు చేయడం, అవసరమైతే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వాడటం ఇంతకంటే ఎంతో మేలు.

జలుబుకు ఇచ్చే కొన్ని మాత్రలలో ముక్కు దిబ్బడ తగ్గించే మందు ఉంటుంది. అది కూడా రక్తపోటును పెంచుతుంది. జోషాందాలో వేసే ములేఠీ, అంటే అతిమధురం, ఎక్కువ రోజులు ఎక్కువగా తీసుకుంటే పొటాషియాన్ని తగ్గించి రక్తపోటును పెంచుతుంది. సోడియం తక్కువ ఉప్పు పేరుతో దొరికేవాటిలో చాలావరకు పొటాషియం ఉంటుంది. రామిప్రిల్, టెల్మిసార్టాన్ వాడేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా దాన్ని వాడకూడదు.

మూలికలకు దుష్ప్రభావాలు ఉండవనే మాట యునానీ పెద్దలు కూడా ఎన్నడూ అనలేదు. వారు అస్రోల్ అని పిలిచే సర్పగంధ వేరు సంగతే చూడండి. ఢిల్లీలోని ఆయుర్వేదిక్ అండ్ యునానీ తిబ్బీ కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దీఖీ 1931లో ఆ వేరు నుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి, హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలీన్ అని పేరు పెట్టారు. 1952లో అదే వేరు నుంచి రిసర్పిన్ వెలికి వచ్చింది. రక్తపోటుకు ప్రపంచమంతటా వాడారు. అది కొందరిలో తీవ్రమైన నిరుత్సాహం, మనోవ్యాకులత కలిగిస్తుందని తేలింది. క్రమంగా ఇతర మందులు దాని స్థానంలోకి వచ్చాయి. వేరు నుంచి వచ్చినా, కర్మాగారం నుంచి వచ్చినా, ఒంటి మీద పనిచేసే ప్రతిదానికీ మోతాదు ఉంటుంది, హద్దు ఉంటుంది. కలోంజీ, తేనె, హిజామా వాడుకునేవారు వాడుకోండి. ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. వాటి పేరుతో మాత్ర మానకండి.

రమజాన్ రాకముందే

దైవప్రవక్త (స) వద్దకు వచ్చిన పల్లె అరబ్బులు చికిత్స చేయించుకోవచ్చునా అని అడిగితే, చేయించుకోమనే చెప్పారని హజ్రత్ ఉసామా బిన్ షరీక్ (రజి) తెలిపారు. ఒంటెను కట్టి దైవంపై భారం వేయాలా, వదిలేసి వేయాలా అని అడిగిన వ్యక్తికి కట్టమనే జవాబు వచ్చింది. తవక్కుల్ పేరుతో మందు మానడం ఒంటెను వదిలేయడమే. ఇక అల్ బఖర సూరా 184, 185 ఆయతులలో రోగికి రోజాలను వేరే దినాలలో పూర్తి చేసుకొనే వెసులుబాటు అల్లాహ్ ప్రసాదించాడు. ఎవరు ఆ వెసులుబాటుకు అర్హులన్న విషయంలో హనఫీ ధర్మపండితులు తబీబె హాజిఖ్, అంటే నిపుణుడైన వైద్యుని మాటకు విలువ ఇచ్చారు.

రక్తపోటు అదుపులో ఉన్నవారిలో ఎక్కువమంది రోజా ఉండగలరు. మాత్రల వేళను సహరీ, ఇఫ్తార్‌లకు అనుగుణంగా మార్చుకుంటే సరిపోతుంది. ఇరవై నాలుగు గంటలు పనిచేసే మందు రోజుకు ఒక్కసారి చాలు. పగటి పూట మూడుసార్లు వేసుకొనే మందు ఉంటే దాన్ని ఇలాంటి మందుగా మార్చవచ్చు. ఉదయం వేసుకొనే మాత్రను రాత్రికి మారిస్తే ఫలితం తగ్గుతుందేమోనని భయపడేవారికి ఒక సంగతి. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా రోగులపై జరిపి 2022లో ప్రకటించిన టైమ్ అనే అధ్యయనంలో, ఉదయం వేసుకున్నవారికీ రాత్రి వేసుకున్నవారికీ గుండెపోటు, పక్షవాతం విషయంలో తేడా కనిపించలేదు.

నీటి మాత్రే కొంచెం చిక్కు. సహరీలో వేసుకుంటే పగలంతా దాహం, నీరసం. ఇఫ్తార్‌లో వేసుకుంటే తరావీహ్ మధ్యలో లేవాలి. మే నెల ఎండలలో రమజాన్ వస్తే ఇది ఇంకా కష్టం. మోతాదు తగ్గించడమో, ఆ నెలకు వేరే మందు ఇవ్వడమో డాక్టరు నిర్ణయిస్తారు. ఉపవాసాలలో కొందరికి రక్తపోటు కొంత తగ్గడం నిజమే, వారికి మందు ఎక్కువై కళ్ళు తిరగవచ్చు. అదుపు తప్పిన రక్తపోటు, గుండె వైఫల్యం, ఇటీవలే పక్షవాతం లేదా గుండెపోటు వచ్చినవారి సంగతి వేరు. డాక్టరు వద్దన్నప్పుడు వారు రోజా మానడం విశ్వాస లోపం కాదు. తర్వాత పూర్తి చేసుకోవాలి, ఎప్పటికీ కోలుకొనే ఆశ లేనివారికి ఫిద్యా ఉంది. ఇదంతా మాట్లాడుకోవడానికి తగిన సమయం షాబాన్. చంద్రుడు కనిపించిన రాత్రి కాదు.

ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ గురించి కూడా ఒక మాట. రోజుకు ఉప్పు 5 గ్రాములకు లోపు, అంటే సుమారు ఒక చిన్న చెంచా, ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సమోసా, పకోడీ, హలీం, ఆ పైన ఊరగాయ, అప్పడం కలిస్తే ఒక్క పూటలోనే ఆ లెక్క దాటిపోవచ్చు.

మిగిలిన జాగ్రత్తలు క్లుప్తంగా చెబుతాము. మాత్రను ఏదో ఒక నమాజుకు ముడిపెడితే మరచిపోవడం తగ్గుతుంది. ఒకనాడు మరచిపోతే, గుర్తు రాగానే వేసుకోవచ్చు. మరుసటి వేళ దగ్గరపడితే వదిలేయాలి, రెండు కలిపి వేసుకోకూడదు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే కొన్ని మందులను తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. ఉమ్రాకు వెళ్ళేవారు మాత్రలను, చీటీని చేతి సంచిలోనే ఉంచుకోవాలి. కొలత చూసుకొనే ముందు మూత్రవిసర్జన ముగించి, వీపుకు ఆనుకొని, పాదాలు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. అరగంట ముందు నుంచి చాయ్, పొగాకు వద్దు. డబ్బుల ఇబ్బందితో మానేసేవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, హైదరాబాదులోనైతే బస్తీ దవాఖానాలో అడగండి. రక్తపోటు మాత్రలు అక్కడ ఉచితంగా ఇస్తారు.

మాట ముద్దగా రావడం, మూతి ఒక పక్కకు పోవడం, ఒక చేయో కాలో బలం తప్పడం పక్షవాతం గుర్తులు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. గడ్డ కట్టిన నెత్తురును కరిగించే సూది మందు పనిచేసేది లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే, అదీ ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. ఆ స్థితిలో ఇంట్లో ఉన్న రక్తపోటు మాత్రను నోట్లో వేయకూడదు. మింగడం రాక ఊపిరితిత్తులలోకి పోవచ్చు, రక్తపోటు ఒక్కసారిగా పడిపోయినా మెదడుకు కీడే. ఇమామ్‌కు ఈ లక్షణాలు కనిపిస్తే, వెనుక ఉన్నవారు ఆయత్ అందిస్తూ నిలబడకూడదు. నమాజు ఆపి ఆయనను పట్టుకోవాలి. ప్రాణాపాయంలో ఉన్నవారిని కాపాడటానికి నమాజు ఆపడం అనుమతించడమే కాదు, విధి అని మన ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతున్నాయి. ఆ రాత్రి రెండో వరుసలో నిలబడిన మేము ఆ పుటను విద్యార్థులకు ఎన్నిసార్లు చదివి వినిపించామో లెక్క లేదు.

హాఫిజ్ గారు ఇప్పుడు నమాజు కుర్చీలో చేస్తారు. ఉదయం ఇద్దరు ముగ్గురు పిల్లల పాఠం వింటారు. చదివి వినిపించలేరు, తప్పు వచ్చినచోట ఎడమచేత్తో బల్ల మీద తడతారు. ఆయన అమ్లోడిపిన్ మోతాదు సగానికి తగ్గింది, దానికి మరొకటి జత అయింది. కాళ్ళవాపు లేదు. ఇషా తర్వాత ఆయన మనవరాలు మాత్రల డబ్బా, నీళ్ళ గ్లాసు తెచ్చి ముందు పెట్టి, ఆయన మింగేదాకా అక్కడే నిలబడుతుంది.